ముందు వెడల్పు, చివర దూరం: ప్రయాణానికి ఒక్క జూమ్ లెన్సు ఎంచుకునే పద్ధతి

లెన్సు కొనడానికి వెళ్లినవాళ్లలో చాలామంది మొదట అడిగే ప్రశ్న ఒకటే: “అన్నా, ఇది ఎంత దూరం లాగుతుంది?” దుకాణదారుకూ అది అలవాటే. లెన్సును కెమెరాకు బిగించి, ఎదురు వరసలోని బోర్డు మీదికి జూమ్ చేస్తాడు. బోర్డు అడుగున సన్నగా రాసిన ఫోన్ నంబరు కూడా కనిపించేసరికి బేరం సగం కుదిరిపోతుంది. అసలు ఇబ్బంది ఆ లెన్సుతో ఏ పాత గుడి మండపంలోనో నిలబడినప్పుడు తెలుస్తుంది. వెనక స్తంభానికి వీపు ఆనించినా ఎదురుగా ఉన్నది ఫ్రేములో పట్టదు.

ప్రయాణంలో రోజంతా కెమెరా మీదే ఉండే జూమ్ లెన్సును ఎంచుకోవడానికి ఒక వరస ఉంది. ముందు వెడల్పు చూడాలి, తర్వాత బరువు, ఆ తర్వాత వెలుతురు, అన్నిటికీ చివర దూరం. దూరం కొంచెం చాలకపోతే ఇంటికొచ్చాక ఫొటో అంచులు కత్తిరించి సరిపెట్టుకోవచ్చు. వెడల్పు చాలక ఫ్రేములో పడకుండా పోయినదాన్ని మళ్లీ తెచ్చుకునే దారి లేదు. అందుకే ఈ వరస.

దీన్ని గాల్లో చెప్పుకోకుండా ఒక దారి మీద పెట్టి చూద్దాం. లేపాక్షి, తాడిపత్రి, బెలూం గుహలు, గండికోట: రాయలసీమలో మూడు నాలుగు రోజుల్లో చుట్టి రాగలిగిన దారి ఇది. ఇరుకు మండపం, దట్టమైన శిల్పం, చీకటి గుహ, ఎండలో మెరిసే బండ, ఎర్ర దుమ్ము, మనుషులు తిరిగే వీధి అన్నీ ఇందులోనే ఉన్నాయి. ఇక్కడ నెగ్గిన లెన్సు హంపీలోనూ నెగ్గుతుంది, ఇస్తాంబుల్‌లోనూ నెగ్గుతుంది.

1. ముందు ఫొటోల జాబితా రాయండి

లెన్సుల పేర్లు చదవకముందే, ఈ ప్రయాణంలో మీకు కావలసిన ఫొటోలు కాగితం మీద పెట్టండి. ఏది, ఎక్కడ నిలబడి, ఏ వేళ అన్నంత వివరంగా రాయాలి. మన దారికి జాబితా ఇలా ఉంటుంది. లేపాక్షి బసవన్న తోక నుంచి ముట్టె దాకా, పక్క నుంచి. నాట్యమండపం పైకప్పు మీద విజయనగర కాలపు రంగు బొమ్మలు. ఏడు పడగల నాగలింగం, దాని ముందు మన ఇంటివాళ్లు. తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరాలయం అసంపూర్తి గోపురాల మీది శిల్పాలు, దగ్గరగా. చింతల వేంకటరమణ గుడిలో రాతిరథం. బెలూంలో దీపాల వెలుగులో సొరంగం. గండికోటలో పొద్దు పొడిచేటప్పుడు పెన్న కోసిన గండి. దారిలో టీ కొట్టు, సాయంత్రం బజారు, బండి మీద దోసెలు పోసే మనిషి.

ఈ జాబితాలో పక్షులు లేవని గమనించండి. నేలపట్టులో గూడబాతులు, పులికాట్‌లో ఫ్లెమింగోలు మీ లక్ష్యమైతే 400 మి.మీ.కు తక్కువ కాని వేరే లెన్సు కావాలి. ఆ పనిని ఈ లెన్సు నెత్తిన పెడితే రెండు పనులూ చెడతాయి.

జాబితాలోని ఒక్కో ఫొటోకూ ఎంత ఫోకల్ లెంగ్త్ పడుతుందో తెలుసుకోవడానికి మీ జేబులోని ఫోనే కొలబద్ద. చాలా ఫోన్లలో 1ఎక్స్ దగ్గర కనిపించే దృశ్యం 23 నుంచి 26 మి.మీ. లెన్సు చూపించేదానికి సమానం. 2ఎక్స్ అంటే ఇంచుమించు 50, 3ఎక్స్ అంటే 75. మీ ఊరి గుడికి వెళ్లి ఫోనుతో నాలుగు చోట్ల నిలబడి చూడండి. 1ఎక్స్‌లో ఇరుకుగా అనిపించి మాటిమాటికీ 0.5కు మారుతున్నారా? 2ఎక్స్‌లో మనుషులు బాగా కుదురుతున్నారా? మీ చెయ్యి ఎటు పోతోందో అదే మీ చూపు. పాత ఫొటోలున్నవాళ్లకు ఇంకా తేలిక. ప్రతి ఫొటో ఫైలులోనూ అది తీసిన ఫోకల్ లెంగ్త్ నమోదై ఉంటుంది. మీకు నచ్చినవాటిని మాత్రమే తెరిచి ఆ అంకెలు చూసుకోండి.

2. మీ సెన్సర్‌కు లెక్క కట్టుకోండి

లెన్సు మీది అంకె ఒక్కటే చెబితే సగం సంగతే. అది ఏ సెన్సర్ ముందు కూర్చుంటుందన్నది మిగతా సగం. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36 × 24 మి.మీ. ఉంటుంది. క్రాప్ సెన్సర్లు అంతకన్నా చిన్నవి. నికాన్, సోనీ, ఫ్యూజీ వాళ్ల క్రాప్ సెన్సర్లయితే లెన్సు అంకెను 1.5తో, కెనాన్ క్రాప్ సెన్సరయితే 1.6తో, మైక్రో ఫోర్ థర్డ్స్ అయితే 2తో గుణిస్తే ఫుల్ ఫ్రేమ్ లెక్కలోకి వస్తుంది. అంటే ఫుల్ ఫ్రేమ్ మీద 24–105 చేసే పనిని క్రాప్ మీద దాదాపు 16–70, మైక్రో ఫోర్ థర్డ్స్ మీద 12–50 చేస్తాయి.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. పెళ్లి ఫొటోగ్రాఫర్ల చేతిలో 24–70 ఎఫ్/2.8 చూసి, అదే అన్నిటికన్నా మేలైనదని క్రాప్ కెమెరాకు కొనేస్తుంటారు. ఆ కెమెరా మీద అది 36–105 అయిపోతుంది. వెడల్పు చేతిలోంచి జారిపోయినట్టే. క్రాప్ కెమెరా ఉన్నవాళ్లు 16తోనో 17తోనో, కనీసం 18తోనో మొదలయ్యే లెన్సుల వరకే చూడాలి. ఇక నుంచి ఈ కథనంలో విడిగా చెప్పని చోటల్లా అంకెలు ఫుల్ ఫ్రేమ్ లెక్కలోవే.

3. వెడల్పు: కాళ్లు కదలని చోట

ఒక చిన్న సూత్రం గుర్తుపెట్టుకుంటే కేటలాగులోని కోణాలన్నీ అక్కర్లేదు. మీకూ వస్తువుకూ మధ్య ఉన్న దూరాన్ని 36తో గుణించి, ఫోకల్ లెంగ్త్‌తో భాగించండి. ఫ్రేములో పట్టే వెడల్పు వస్తుంది. దూరం అడుగుల్లో వేస్తే జవాబూ అడుగుల్లోనే.

లేపాక్షి బసవన్న ఏకశిల. పొడవు సుమారు 27 అడుగులు, ఎత్తు 15 అడుగులు. పక్క నుంచి మొత్తం పట్టాలంటే 24 మి.మీ. దగ్గర 18 అడుగుల దూరం చాలు. 28 దగ్గర 21 అడుగులు, 36 దగ్గర 27 అడుగులు, 50 దగ్గర 37 అడుగులు దాటి వెనక్కి పోవాలి. అటూ ఇటూ కాస్త ఖాళీ కావాలంటే ఇంకో రెండు మూడడుగులు కలుపుకోండి. బసవన్న చుట్టూ చోటు బాగానే ఉంది కాబట్టి వెనక్కి వెళ్లగలం. కానీ వెనక్కి పోయినకొద్దీ మీకూ బసవన్నకూ మధ్యలోకి యాత్రికులు వచ్చేస్తారు. సెలవు రోజున 18 అడుగుల ఖాళీ దొరకవచ్చు, 37 అడుగుల ఖాళీ దొరకదు.

మండపంలోకి వెళితే వెనక్కి జరిగే వీలే ఉండదు. పైకప్పు బొమ్మలు తీసేటప్పుడు నేలే మీ హద్దు. కింద పడుకున్నా కలిసొచ్చేది మూడు నాలుగడుగులే. కెమెరా నుంచి పైకప్పు 8 అడుగుల దూరంలో ఉందనుకుందాం. 20 మి.మీ. లెన్సు 14 అడుగులకు 9 అడుగుల పైచిలుకు ముక్కను చూపిస్తుంది. 24 లెన్సు 12కు 8, 28 లెన్సు 10కు 7, 36 లెన్సు 8కి 5 అడుగుల చిల్లర. ఒక కథాఘట్టం మొత్తం ఫ్రేములో పడాలా, అందులో రెండు బొమ్మలే పడాలా అన్నది ఈ తేడాలోనే తేలిపోతుంది. కాగితం మీద 24కూ 28కీ నాలుగు అంకెల తేడాయే కనిపిస్తుంది. ఫ్రేము వెడల్పులో అది దాదాపు ఆరో వంతు. అదే 100కూ 104కూ మధ్య తేడాను ఎవరూ పట్టుకోలేరు. జూమ్ లెన్సులో ఖరీదైన మిల్లీమీటర్లన్నీ చిన్న అంకెల వైపే ఉంటాయి.

వెడల్పు ఉన్నప్పుడు ఇంకో సౌకర్యం కూడా ఉంది. గోపురాన్ని తల పైకెత్తి తీస్తే నిలువు గీతలు పైన ముడుచుకుపోయి గోపురం వెనక్కి వాలినట్టు కనిపిస్తుంది. ఎడిటింగ్‌లో దాన్ని నిటారుగా నిలబెట్టేటప్పుడు అంచులు కొంత కోల్పోతాం. చుట్టూ ఖాళీ ఉంచి తీసిన ఫొటో ఆ కోతకు తట్టుకుంటుంది.

గండికోట గండి మాత్రం 24లోనూ పట్టదు. అక్కడ కెమెరాను నిలువుగా పట్టి, ఒకదాని మీద ఒకటి మూడో వంతు కలిసేలా నాలుగైదు ఫ్రేములు తీసి తర్వాత కుట్టుకోవచ్చు. బండలు కదలవు కాబట్టి ఈ ఉపాయం పని చేస్తుంది. జనం కదిలే బజారులో ఇది పనికిరాదు. అక్కడ వెడల్పు లెన్సులోనే ఉండాలి.

ఈ మెట్టు మీద నిర్ణయం: 24తో మొదలయ్యేది తీసుకోండి. గుళ్లు, కోటలు, పాత ఇళ్లే మీ ప్రయాణమైతే 20తో మొదలయ్యేదాన్నీ పరిశీలించండి. 28తో మొదలయ్యేదాన్ని, ఏం వదులుకుంటున్నారో తెలిసి మాత్రమే కొనండి.

4. బరువు: సాయంత్రం దాకా మెడలో ఉండేదేది

అపర్చర్ కన్నా ముందు బరువు చూడమనడం కొందరికి వింతగా ఉంటుంది. సంచిలోనే ఉండిపోయిన ఎఫ్/2.8 లెన్సుకు వెలుతురుతో పనేముంది? పొద్దున్నే గండికోట బండల మీద ఎక్కి దిగి, మధ్యాహ్నం బెలూం మెట్లు దిగి, సాయంత్రం బజారుకు వచ్చేసరికి మెడ చెప్పే మాటే చెల్లుతుంది.

అంకెలు చూడండి. కెనాన్ ఆర్ఎఫ్ 24–70 ఎఫ్/2.8 బరువు 900 గ్రాములు. అదే కంపెనీ 24–105 ఎఫ్/4 700 గ్రాములు. నికాన్ జెడ్ 24–120 ఎఫ్/4 630, సోనీ 24–105 ఎఫ్/4 663. సోనీ 20–70 ఎఫ్/4 488 గ్రాములే. క్రాప్ సెన్సర్లకు చేసిన సిగ్మా 18–50 ఎఫ్/2.8 అయితే 290 గ్రాములు. బాడీ మరో 400 నుంచి 700 గ్రాములు ఉంటుందనుకోండి.

దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. బాడీ, మీరు అనుకుంటున్న లెన్సు బరువులు కూడండి. అంత బరువుకు నీళ్లు నింపిన సీసాను కెమెరా పట్టీకి కట్టి మెడలో వేసుకుని, పొద్దున నడకకు వెళ్లి రండి. గంట నడిచాక చెయ్యి దానంతటదే సీసా కిందికి పోయి మోస్తుంటే ఆ బరువు మీకు ఎక్కువ. ఇంట్లో పెద్దవాళ్లనో చంటిపిల్లనో వెంటబెట్టుకుని వెళ్లే ప్రయాణమైతే, మీ రెండో చెయ్యి వాళ్లదేనని కూడా గుర్తుంచుకోండి.

5. వెలుతురు: కదిలేదీ కదలనిదీ

లెన్సు పేరులో ఎఫ్ పక్కన ఒకే అంకె ఉంటే జూమ్ అంతటా అదే అపర్చర్ దొరుకుతుంది. 4–6.3 అని రెండంకెలుంటే, వెడల్పు చివర 4 ఉన్నది జూమ్ చేసినకొద్దీ తగ్గుతూ దూరపు చివర 6.3కు వస్తుంది. ఎఫ్/2.8 నుంచి 4కు వస్తే వెలుతురు సగమవుతుంది, 4 నుంచి 5.6కు వస్తే అందులో సగం. 4 నుంచి 6.3కు వస్తే రెండున్నర రెట్లు తగ్గుతుంది.

మండపం లోపల ఎఫ్/4, సెకనులో 60వ వంతు, ఐఎస్‌ఓ 3200 దగ్గర సరైన వెలుతురు వచ్చిందనుకోండి. అదే షట్టర్ స్పీడుతో ఎఫ్/2.8 లెన్సుకు ఐఎస్‌ఓ 1600 చాలు. ఎఫ్/6.3 దగ్గర 8000 కావాలి, ఫొటోలో గ్రెయిన్ కళ్లకు కొడుతుంది.

ఇక్కడ ఎఫ్/2.8 కొనెయ్యాలనిపిస్తుంది. కాస్త ఆగి, జాబితాలో చీకటిలో తీసేవాటిని రెండు గుంపులు చేయండి. పైకప్పు బొమ్మలు, బెలూం సొరంగం కదలవు. వాటికి లెన్సులోనో బాడీలోనో ఉండే స్టెబిలైజేషన్ చాలు. చెయ్యి వణుకును అది సర్దుతుంది కాబట్టి 60వ వంతు బదులు 15వ వంతు సెకనులో తీయగలం. ఐఎస్‌ఓ 3200 కాస్తా 800కు దిగుతుంది. పురావస్తు శాఖ కింద ఉన్న కట్టడాల్లో ట్రైపాడ్ పెట్టాలంటే ముందుగా అనుమతి కావాలి. కాబట్టి చేత్తో పట్టి తీయగలగడం ప్రయాణికుడికి పెద్ద సాయం. పాత రంగు బొమ్మల మీద ఫ్లాష్ కొట్టే ఆలోచనే పెట్టుకోకండి.

రెండో గుంపు మనుషులు. దోసె తిప్పే చెయ్యి, బజారులో నడిచే ఆడవాళ్లు, మండపంలో పరుగెత్తే పిల్లలు. స్టెబిలైజేషన్ మీ చెయ్యిని ఆపుతుంది, వాళ్లను ఆపదు. నడిచే మనిషి స్పష్టంగా రావాలంటే కనీసం 125వ వంతు, పరుగెత్తే పిల్లకు 500వ వంతు కావాలి. అక్కడ అపర్చరొక్కటే దిక్కు.

మీ జాబితాలో రెండో గుంపు చిన్నదైతే ఎఫ్/4 జూమ్ తీసుకుని, సాయంత్రాల కోసం 35 మి.మీ.దో 50 మి.మీ.దో ఎఫ్/1.8 చిన్న లెన్సును సంచిలో వేసుకోండి. ఎఫ్/2.8 జూమ్ కన్నా అది రెట్టింపు పైగా వెలుతురునిస్తుంది. రెండూ కలిపినా చాలాసార్లు పెద్ద ఎఫ్/2.8 జూమ్ ఒక్కదాని బరువు దగ్గరే ఆగుతుంది. రెండో గుంపే పెద్దదైతే, జాతరలు, సంతలు, రాత్రి బజార్లే మీ ప్రయాణమైతే ఎఫ్/2.8కే వెళ్లండి. అప్పుడు బరువు కోసం దూరాన్ని వదులుకోవాల్సి ఉంటుంది. క్రాప్ కెమెరావాళ్లకు ఇక్కడ అదృష్టం కలిసొస్తుంది. వాళ్ల ఎఫ్/2.8 జూమ్‌లు చిన్నవి, తేలికవి.

రెండంకెల అపర్చర్ లెన్సును తోసిపుచ్చనక్కర్లేదు. అది ఎక్కడ పడిపోతోందో మాత్రం చూడాలి. దుకాణంలో బిగించి 35, 50, 70 దగ్గర ఆగి తెరమీది ఎఫ్ అంకె చదవండి. కొన్ని లెన్సులు 50 దాటకముందే 5.6కు దిగిపోతాయి. మీరు మనుషుల్ని తీసేది అక్కడే కదా.

6. దూరం: చివరి లెక్క

ఇప్పుడు దుకాణంలో అందరూ మొదట అడిగే ప్రశ్నకు వద్దాం. తాడిపత్రి గోపురం మీద, అందనంత ఎత్తున ఉన్న శిల్పం కావాలి. మీ లెన్సు 105 దగ్గర ఆగిపోయింది, మనసు 150 అడుగుతోంది. 24 మెగాపిక్సెళ్ల ఫొటోను 150 చూపించేంత మేరకు కత్తిరిస్తే దాదాపు 12 మెగాపిక్సెళ్లు మిగులుతాయి. ఏ4 కాగితం మీద అచ్చు నాణ్యతతో, అంగుళానికి 300 చుక్కల లెక్కన వేయడానికి కావలసింది 9 మెగాపిక్సెళ్ల లోపే. 70 దగ్గర ఆగిపోయే లెన్సుతో తీసి 105కు కత్తిరించినా 10కి పైగా మిగులుతాయి. 105 నుంచి 200కు కోస్తే మాత్రం ఆరున్నరకు పడిపోతుంది. ఫోన్‌లో చూడ్డానికి సరే, గోడకు తగిలించుకోవడానికి చాలదు.

కాబట్టి మీ జాబితాలో 200 నిజంగా ఎన్నిసార్లు కనిపిస్తోందో లెక్కపెట్టండి. గండికోటలో అవతలి గట్టు మీది బండల మడతలు, ఉదయపు వెలుగులో ఒకదాని వెనక ఒకటి పేర్చినట్టు కనిపించే ఎర్రమల కొండల వరసలు: ఇవి పెద్ద ఫోకల్ లెంగ్త్‌లోనే అందం. ఇలాంటివే మీకు ప్రాణమైతే నికాన్ 24–200, టామ్రాన్ 28–200 వంటివి ఉన్నాయి. రెండూ 570, 575 గ్రాముల్లోనే ఉంటాయి. దుమ్ములో లెన్సు మార్చే పని తప్పిస్తాయి. బదులుగా ఒకటి దూరపు చివర ఎఫ్/6.3కు దిగుతుంది, ఇంకొకటి వెడల్పును 28 దగ్గరే ఆపేస్తుంది. ఇంత పొడవైన జూమ్‌లలో అంచుల స్పష్టత కూడా పొట్టి జూమ్‌ల స్థాయిలో ఉండదు.

మనుషుల విషయంలో ఇంకో మాట. 200 చేతిలో ఉంటే వీధి అవతలి నుంచి తెలియకుండా తీసేయాలనిపిస్తుంది. 70 నుంచి 105 మధ్య లెన్సుతో ముఖం తీయాలంటే మనిషికి నాలుగైదడుగుల దూరంలోకి వెళ్లాలి, “అమ్మా, ఒక ఫొటో తీసుకోనా?” అని అడగాలి. ముఖాలు పలికే ఫొటోలు ఆ దూరంలోనే వస్తాయి.

7. నాలుగు మెట్లు దాటి మిగిలిన పేర్లు

ఫుల్ ఫ్రేమ్‌లో ఈ దారికి సరిపోయే లెన్సులు మూడు రకాలు. సమతూకంగా ఉండేవి కెనాన్ 24–105 ఎఫ్/4, సోనీ 24–105 ఎఫ్/4, నికాన్ 24–120 ఎఫ్/4. వెడల్పూ తేలికా ముఖ్యమైతే 2023లో వచ్చిన సోనీ 20–70 ఎఫ్/4 మన వరసకు అచ్చంగా కుదురుతుంది. ఇచ్చేది వెడల్పు, తగ్గించేది బరువు, కోసేది దూరం. డబ్బు ఆదా చేయాలంటే కెనాన్ ఆర్ఎఫ్ 24–105 ఎఫ్/4–7.1 ఉంది. 395 గ్రాములు, వెడల్పు పూర్తిగా 24. చీకటిలోనే దానికి చిన్న లెన్సు తోడు కావాలి.

క్రాప్ సెన్సర్లలో ఫ్యూజీ 16–80 ఎఫ్/4 వెడల్పునూ దూరాన్నీ రెండింటినీ 440 గ్రాముల్లో ఇస్తుంది. సోనీ, ఫ్యూజీలకు దొరికే టామ్రాన్ 17–70 ఎఫ్/2.8లో స్టెబిలైజేషన్ కూడా ఉంది. సిగ్మా 18–50 ఎఫ్/2.8లో అది లేదు కాబట్టి బాడీలో ఉందో లేదో చూసుకోవాలి. నికాన్ జెడ్ క్రాప్ కెమెరాలతో వచ్చే 16–50 కిట్ లెన్సును తేలిగ్గా తీసేయకండి. 135 గ్రాముల్లో 24–75 పని చేస్తుంది. పాత డీఎస్‌ఎల్‌ఆర్ ఉన్నవాళ్లు సెకండ్ హ్యాండ్‌లో కెనాన్ 15–85, నికాన్ 16–80 లేదా 16–85 కోసం వెతకండి. మూడింటి వెడల్పూ 24 దగ్గరే మొదలవుతుంది.

8. కొనేముందు అద్దెకు తెచ్చుకోండి

హైదరాబాద్, విజయవాడ, విశాఖ వంటి చోట్ల పెళ్లిళ్ల, సినిమాల పని వల్ల లెన్సులు రోజు అద్దెకు దొరుకుతాయి. చివరికి మిగిలిన రెండు లెన్సుల్లో ఒకదాన్ని శని ఆదివారాలకు తెచ్చుకుని, మీ ఊరి గుడీ బజారూ తిరగండి. తర్వాత బాగా వచ్చిన ఫొటోల్లో ఫోకల్ లెంగ్త్ అంకెలు చూడండి. సగానికి పైగా వెడల్పు చివరనే గుమిగూడితే మీకు ఇంకా వెడల్పు కావాలి. దూరపు చివర గుమిగూడితే ఆరో మెట్టు మళ్లీ చదవండి. మధ్యలో పరుచుకుని ఉంటే లెన్సు కుదిరినట్టే.

9. దుకాణంలో పది నిమిషాలు

ఒకే మోడల్‌లో రెండు లెన్సులు ఒక్కలా ఉండవు. మీ కెమెరాను, ఖాళీ కార్డును వెంట తీసుకెళ్లండి. గోడకు దినపత్రిక పేజీలు నాలుగు అంటించి గానీ, ఇటుక గోడ ఎదురుగా నిలబడి గానీ, కెమెరాను గోడకు సమాంతరంగా పట్టి తీయండి. వెడల్పు చివర, మధ్యలో, దూరపు చివర. ఒక్కోచోట పూర్తి అపర్చర్‌తో ఒకటి, ఎఫ్/8తో ఒకటి. పెద్దది చేసి నాలుగు మూలలూ చూడండి. నాలుగూ కొద్దిగా మెత్తగా ఉంటే అది లెన్సు స్వభావం. ఒక మూల మాత్రమే చెదిరిపోయి, ఎఫ్/8లోనూ బాగుపడకపోతే లోపలి గాజు ఒరిగి ఉన్నట్టు. దాన్ని తిరిగి ఇచ్చి వేరేది అడగండి.

తర్వాత లెన్సును కిందికి వంచి ఊపండి. గొట్టం దానంతటదే జారితే మెడలో వేలాడినప్పుడూ జారుతుంది. జూమ్ చేసేటప్పుడు గరగర శబ్దం రాకూడదు. మౌంటు చుట్టూ రబ్బరు అంచు ఉందేమో చూడండి. సీమ దుమ్ముకూ కోస్తా చెమ్మకూ అది పనికొస్తుంది.

సెకండ్ హ్యాండ్ అయితే రెండు మూతలూ తీసి, ఒక వైపు నుంచి ఫోన్ టార్చి వేసి రెండో వైపు నుంచి చూడండి. రెండు మూడు ధూళి చుక్కలుంటే భయం లేదు. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే అది ఫంగస్. సముద్రం ఒడ్డు ఊళ్లలో ఉన్న లెన్సులకు ఇది మరీ ఎక్కువ. ధర ఎంత తగ్గించినా వద్దనండి. కొత్తదైతే భారతదేశపు వారంటీ రాసిన బిల్లు అడగండి. బిల్లు లేని చవక సరుకు చెడిపోతే కంపెనీ సర్వీసు సెంటరు మీకు జవాబు చెప్పదు.

10. దారిలో వాడే పద్ధతి

నడిచేటప్పుడు లెన్సును 35 దగ్గర ఉంచుకోండి. హఠాత్తుగా ఏం ఎదురైనా అటూ ఇటూ కొంచెం తిప్పితే అందుతుంది. ముందు ఎక్కడ నిలబడాలో తేల్చుకుని, ఆ తర్వాతే జూమ్ తిప్పండి. నిలబడే చోటు మారితే ముందువెనకల పొందిక మారుతుంది, జూమ్ తిప్పితే అంచులు మాత్రమే మారతాయి.

బెలూం గుహల పొడవు 3,229 మీటర్లు. అందులో సందర్శకులకు తెరిచింది ఒకటిన్నర కిలోమీటరు. లోపల వేడీ చెమ్మా ఎక్కువ. ఏసీ కారులో చల్లబడిన లెన్సును నేరుగా లోపలికి తీసుకెళితే గాజంతా ఆవిరి కమ్ముకుంటుంది. గుహ దగ్గరికి చేరడానికి అరగంట ముందే కెమెరాను సంచిలో పెట్టి జిప్పు మూయండి, దిగాక కూడా సంచిలోనే కాసేపు ఉండనివ్వండి. లోపల రంగురంగుల దీపాలు కాబట్టి రా ఫార్మాట్‌లో తీస్తే రంగు తర్వాత సర్దుకోవచ్చు. ఎక్కడైనా సరే దుమ్ములో లెన్సు మార్చకండి. మార్చక తప్పదంటే కారులో కూర్చుని అద్దాలు ఎక్కించి, బాడీ నోరు కిందికి ఉండేలా పట్టి మార్చండి.

ఈ దారికి నా ఎంపిక అడిగితే ఫుల్ ఫ్రేమ్‌లో 24–105 ఎఫ్/4, క్రాప్‌లో 16–80 ఎఫ్/4, సంచిలో చిన్న 35 ఎఫ్/1.8. దీంతో పక్షులను వదులుకుంటాను, అవతలి గట్టు మడతల్లో కొన్నిటిని కత్తిరింపుకు వదిలేస్తాను. మీ జాబితా వేరైతే జవాబు కూడా వేరవుతుంది. వరస మాత్రం అదే ఉంచండి. కొన్నాక ఒక ఏడాదిపాటు కొత్త లెన్సుల సమీక్షలు చూడకండి. ఏడాది చివర మీకు నచ్చిన ఫొటోలను ఫోకల్ లెంగ్త్ ప్రకారం పేర్చి, తీయలేక వదిలేసినవాటిని పక్కన రాసుకోండి. రెండో లెన్సు అవసరమో కాదో, అవసరమైతే ఏదో ఆ రెండు జాబితాలే చెబుతాయి.